ఆవిడకు తెలియనివ్వకండి

నాటకాల కంపెనీలో ఆవిడను అందరూ రాణిగారు అనేవాళ్లు. ఏళ్ల తరబడి అట్టకిరీటం పెట్టుకుని రంగస్థలం మీద రాజ్యాలేలిన మనిషి మరి. ఆవిడ పక్కన రాజులు మారారు, మంత్రులు మారారు, సింహాసనానికి బంగారు రంగు మళ్లీ మళ్లీ పూశారు. రాణి మాత్రం ఆవిడే. ఇంట్లో రాజ్యం చెల్లెలిది. భర్త పోయాక రాణిగారు చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. చెల్లెలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది, మరిది బస్సుల డిపోలో మెకానిక్కు. అద్దె వాటా చిన్నదే అయినా వెలుతురు బాగా వచ్చే గదిని రాణిగారికి ఇచ్చి, వాళ్లిద్దరూ వంటింటి పక్క గదిలో సర్దుకున్నారు.

టీవీ నాటకం కబురు రావడానికి రెండేళ్ల ముందు ఒక సంగతి జరిగింది. హాలు నిండిపోయిన రోజు. మూడో రంగంలో రాణి కొడుకును శపించాలి. రాణిగారు చెయ్యెత్తింది, నోరు తెరిచింది. మాట లేదు. ఎన్నోసార్లు చెప్పిన మాటే, నిద్రలో లేపి అడిగినా చెప్పే మాటే, ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. చివరికి తెర దించేశారు. ఆ రాత్రి కంపెనీలో ఒక్కరూ ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఆవిడకు అనిపించింది. మరుసటి వారం కిరీటం ఇంకొకావిడ తలకెక్కింది.

అప్పటినుంచి ఆవిడకు మాటంటే భయం పట్టుకుంది. దుకాణానికి వెళ్తే దారి పొడుగునా "సబ్బు, సబ్బు" అనుకుంటూ నడిచేది. పక్కింటివాళ్లు పలకరిస్తే జవాబు చెప్పే ముందు లోపల ఒకసారి చెప్పి చూసుకునేది.

అలాంటి రోజుల్లో టీవీ వాళ్ల దగ్గరినుంచి ఫోను. వారం వారం వచ్చే సస్పెన్స్ నాటకంలో ముఖ్య వేషం. దర్శకుడు కుర్రవాడు, చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాలమీద కూర్చుని రాణిగారి నాటకాలు చూశాడట.

"మీరు తప్ప ఇంకెవరూ నా మనసులో లేరమ్మా," అన్నాడు.

రాణిగారు ఒప్పేసుకుంది. ఫోను పెట్టాక అక్కడే ఉన్న బియ్యం డబ్బా మీద కూలబడింది. రెండేళ్ల తర్వాత ఒక మనిషి పిలిచాడు. అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఆనాటి తెర దించిన సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. చెబితే పిలుపు పోతుందేమోనని భయం.

ఆ రోజుల్లో టీవీ నాటకాన్ని ముందుగా తీసి, తప్పులు కత్తిరించి, తీరిగ్గా చూపించే వీలు లేదు. స్టూడియోలో నటులు చేస్తూ ఉంటే అదే క్షణంలో జనం ఇళ్లలో కూర్చుని చూసేవాళ్లు. తడబడితే ఊళ్లన్నిటి ముందూ తడబడినట్టే. తెర దించడానికి అక్కడ తెర కూడా ఉండదు.

కథ చిన్నదే. కాలు విరిగి కట్టుతో సోఫాలో పడి ఉన్న ఒంటరి మనిషి రాణిగారు. బయట కుండపోత వాన. తలుపు తడుతూ ఒకాయన వస్తాడు, వాన తగ్గేదాకా ఉంటానంటాడు. కాసేపటికి రేడియోలో ఒక హంతకుడు తప్పించుకున్నాడని చెబుతారు. ఆ పోలికలు వింటే అచ్చం ఇతనే. ఇక అతను కిటికీ వేసినా భయం, పండు కోసినా భయం, "పాలు వేడి చేసి ఇమ్మంటారా?" అన్నా భయం. వాళ్ల అన్నయ్యకు ఫోను చేస్తుంది, అన్నయ్య నమ్మడు. ఆఖరికి అతను అటు తిరిగినప్పుడు తన నిద్రమాత్రలన్నీ అతని పాలగ్లాసులో కలిపేస్తుంది. అతను తాగి, "ఇంత చల్లటి రాత్రి నన్ను లోపలికి రానిచ్చారు, మీ మేలు మరిచిపోను" అంటూ బల్ల మీద తల వాలుస్తాడు. అప్పుడు పోలీసులు తలుపు కొడతారు. హంతకుడు సాయంత్రమే దొరికిపోయాడని, భయపడొద్దని చెప్పడానికి వచ్చారు.

ఆ వచ్చినాయన వేషం కట్టిన నటుణ్ని అందరూ కోరమీసం అనేవాళ్లు. ఆరడుగుల మనిషి, గుబురు కనుబొమలు, చూస్తేనే జేబు తడుముకోవాలనిపించే మొహం. నిజానికి చీమకు దారిచ్చే రకం. రిహార్సల్ మధ్యలో ఊలు తీసుకుని మనవరాలికి టోపీ అల్లుకునేవాడు.

మొదటి మూడు రోజులూ రిహార్సళ్లు ఏ తడబాటూ లేకుండా నడిచాయి. నాలుగోనాడు భోజనాల వేళ రాణిగారు మేకప్ గది తలుపు తోసి ఆగిపోయింది. లోపల మేకప్ అమ్మాయి ఒక్కతే ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి, ఎప్పుడూ కొంగు బొడ్లో దోపుకుని చకచకా పనిచేసే మనిషి. అద్దం ముందు కళ్లు మూసుకుని నిలబడి గొణుగుతోంది:

"అన్నయ్యా, నువ్వేనా? నేనే. గట్టిగా మాట్లాడలేను. ఇంట్లో ఎవరో ఉన్నారు..."

అది రాణిగారి ఫోను మాట. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతోంది.

రాణిగారు చప్పుడు చెయ్యకుండా వెనక్కి తగ్గింది. ఏదో సరదాకి చెప్పుకుంటోందిలే అని సర్ది చెప్పుకుంది. ఆ సాయంత్రమే కోరమీసం దర్శకుణ్ని అడగడం చెవిన పడింది: "రాణిగారి మాటలు కూడా ఒక కాపీ నాకు ఇప్పించండి. మొత్తం." తన మాటలు అతనికెందుకు?

మర్నాడు సెట్టు వెనక నడుస్తూంటే చెక్కగోడ అవతల గుసగుసలు. ఒకటి దర్శకుడి గొంతు.

"మూరెడు ముందుకు జరిపితే సరిపోతుంది. అమ్మాయికి బాగా వచ్చేసింది కదా?"

"నీళ్లు తాగినట్టు చెప్పేస్తోంది సార్," అన్నాడు సెట్టు వడ్రంగి.

"సరే. ఆవిడకు మాత్రం తెలియనివ్వకండి. తెలిసిందో, పని చెడినట్టే."

రాణిగారికి అంతా అర్థమైపోయినట్టే ఉంది. ఇంకేం కావాలి? ఆఖరి నిమిషంలో తనను పక్కకు నెట్టి మేకప్ అమ్మాయిని సోఫాలో కూర్చోబెడతారు. ఎవరో ఆ రోజు తెర దించిన సంగతి మోసేశారు. ఎవరై ఉంటారని లెక్కలు వేసుకుంటూ బయటికి వచ్చి గేటు వైపు చూసిందో లేదో, ఆ జవాబు కూడా కళ్లముందే కనబడింది. చెల్లెలు! దుకాణంలో ఉండాల్సిన మనిషి స్టూడియో మెట్లు దిగి, అటూ ఇటూ చూసి, దొంగలా వీధి మలుపు తిరిగింది.

ఆ రాత్రి అన్నం దగ్గర రాణిగారు మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఇవాళ దుకాణంలో పనెక్కువా?"

"తల ఎత్తితే ఒట్టు అక్కా. పొద్దుటినుంచీ కదల్లేదు," అంది చెల్లెలు.

 చిన్నప్పుడు జడలు వేసి బడికి చెయ్యి పట్టుకు తీసుకెళ్లిన చెల్లెలు, ఇప్పుడు కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పింది. మరిది "కూర వేసుకో వదినా" అని గిన్నె జరిపితే, అందులోనూ ఏదో ఉన్నట్టు చూసింది. ఆ తర్వాత ఎవరు నవ్వినా తనను చూసే అనుకుంది. ఎవరైనా మాట ఆపేస్తే తన గురించేనంది మనసు. కోరమీసం టీ తెచ్చి ఇస్తే వద్దంది. అతను చిన్నబోయి ఆ టీ తనే తాగి, మళ్లీ ఊలు తీసుకున్నాడు.

ప్రసారం రోజు సాయంత్రం మేకప్ కుర్చీలో కూర్చుంది. అమ్మాయి ఆవిడ కళ్లకింద నలుపు దిద్దుతోంది. అద్దంలో ఆవిడ చూపు తప్పించుకుంటోంది. అది చూసేసరికి రాణిగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకమ్మా ఈ శ్రమ? ఆ రంగేదో నీ మొహానికే పూసుకోరాదూ? వేషం నీదేగా."

అమ్మాయి చెయ్యి గాలిలో ఆగిపోయింది. "నాదా?"

"నాకు చెవుడు రాలేదు. అద్దం ముందు నా మాటలు వల్లె వేస్తున్నావు. విన్నాను."

అమ్మాయి మొహంలో రంగులు మారాయి. ఏదో చెప్పబోయి పెదవి కొరుక్కుంది. చివరికి, "నాకు కెమెరా అంటే చచ్చేంత భయమమ్మా. ఫోటోకి నిలబడాలన్నా నవ్వు రాదు నాకు," అంది.

"చాల్లే," అంది రాణిగారు. "కాలికి కట్టు కట్టు. నన్ను ఎప్పుడు లేపుతారో నేనూ చూస్తాను."

ఎవరూ లేపలేదు. ఆవిడను చేతులమీద మోసుకెళ్లినంత జాగ్రత్తగా సోఫాలో కూర్చోబెట్టారు. సోఫా ఎప్పటికంటే గోడకు కాస్త ఎడంగా ఉన్నట్టు అనిపించింది గానీ, ఆలోచించే తీరిక లేదు. లైట్లు వెలిగాయి. మొహం మీద వేడి. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. అంటే ఈ క్షణంలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది తనవైపు చూస్తున్నారో!

మొదట్లో అంతా బాగానే నడిచింది. తలుపు తట్టడం, కోరమీసం తడిసి ముద్దై లోపలికి రావడం, రేడియో వార్త. భయం నటించాల్సిన పని కూడా లేకపోయింది, కావలసినంత ఉంది ఒంట్లో. అతను పండు కోస్తూ ఉంటే ఆవిడ చూపు కత్తి మీదినుంచి కదల్లేదు. అతను వంటింటి వైపు వెళ్లాడు. ఆవిడ ఫోను అందుకుంది. కెమెరా దగ్గరికి జరిగింది. నోరు తెరిచింది.

మాట లేదు.

అదే చీకటి. అదే తుడిచేసిన పలక. చేతిలో ఫోను బరువెక్కింది. ఎర్రదీపం కన్నార్పకుండా చూస్తోంది. చెవుల్లో రక్తం హోరు. ఎక్కడినుంచో పాత దగ్గు, పాత నవ్వు వినిపించాయి. ఇప్పుడు నెడతారు నన్ను, ఇప్పుడే వస్తుంది ఆ పిల్ల, అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో, వచ్చి కాపాడినా బాగుండునని కూడా అనుకుంది.

వీపు వెనకనుంచి, చెవి తమ్మెకు ఆనుకున్నంత దగ్గరగా, ఒక ఊపిరి లాంటి గొంతు వచ్చింది.

"అన్నయ్యా, నువ్వేనా..."

సరిగ్గా అప్పుడే పైన ఉరుముల మోత పెట్టేవాడు ఇనుపరేకు ఊపాడు. పెళపెళమని పెద్ద ఉరుము. అందించిన మాట అందులో కొట్టుకుపోయింది. రాణిగారికి గాలి తగిలింది గానీ మాట చేరలేదు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. వెచ్చటి చెయ్యి. వదలకుండా పట్టుకుంది.

వంటింటి గుమ్మంలో కోరమీసం ప్రత్యక్షమయ్యాడు. అప్పుడు అతను రావాల్సింది కాదు. చేతిలో పాలగిన్నె అలాగే ఉంది. ఆవిడనే చూస్తూ ఒక్కొక్క అడుగూ వేసి, సోఫా దగ్గర ఆగి, చాలా మెల్లగా అన్నాడు:

"ఫోను చేసుకుంటున్నారా? చేసుకోండి. మీ అన్నయ్యకేగా? 'నువ్వేనా అన్నయ్యా' అని అడగండి. 'ఇంట్లో ఎవరో ఉన్నారు' అని చెప్పండి. నేనేం అనుకోను."

ఆ మాటలకు, తర్వాత తెలిసింది, ఇళ్లలో జనం కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారట. రాణిగారికి మాత్రం మూసుకుపోయిన తలుపు తెరిచినట్టయింది. ఆ భయంకరమైన మొహంలో కళ్లు ఎంత మెత్తగా ఉన్నాయో ఆవిడ ఒక్కతే చూసింది. "చెప్పండమ్మా, వస్తుంది" అంటున్నాయవి.

"అన్నయ్యా, నువ్వేనా?" అంది.  "నేనే. గట్టిగా మాట్లాడలేను..."

ఆ ఒక్కటీ వచ్చాక మిగిలినవన్నీ వెనకాలే వచ్చాయి. కోరమీసం వచ్చిన దారినే వెనక్కి తగ్గాడు. ఆవిడ మాత్రలు కలిపింది, అతను తాగి మేలు మరిచిపోనన్నాడు, బల్ల మీద తల వాల్చాడు. పోలీసు వచ్చి సంగతి చెప్పాడు. ఆఖరున ఆవిడ ఏమీ మాట్లాడకుండా గ్లాసును చూడాలి. చూసింది. ఎర్రదీపం ఆరిపోయింది.

దర్శకుడు పైనున్న అద్దాల గదిలోంచి మెట్లన్నీ దిగకుండానే దూకినట్టు వచ్చాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రాణిగారు అవేమీ వినిపించుకోలేదు. కట్టుకాలు ఈడ్చుకుంటూ లేచి సోఫా వెనక్కి వంగి చూసింది.

గోడకూ సోఫాకూ మధ్య మూరెడు సందులో మేకప్ అమ్మాయి ఒక పక్కకు ఒదిగి పడుకుని ఉంది. నోట్లో చేతిరుమాలు కుక్కుకుంది. జుట్టునిండా దుమ్ము.

"తుమ్ము వస్తుందేమోనని, అమ్మా," అంది రుమాలు తీసి. "లేవలేను. కాలు తిమ్మిరెక్కి రాయైపోయింది."

వడ్రంగీ, కోరమీసమూ కలిసి బయటికి లాగారు. లాగీ లాగగానే ఆ అమ్మాయి వరసగా తుమ్మడం మొదలుపెట్టింది. గంటసేపు ఆపుకున్న తుమ్ములన్నీ ఒక్కసారి వచ్చినట్టున్నాయి. స్టూడియో అంతా పడీ పడీ నవ్వింది. రాణిగారు నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడు ఒక్కొక్కటే బయటపడింది. చెల్లెలు స్టూడియోకి రావడం నిజమే, కానీ రాణిగారు చూసింది రెండోసారి, ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయో కనుక్కోవడానికి వచ్చినప్పుడు. రిహార్సళ్లు మొదలైన రోజే దర్శకుణ్ని కలిసి తెర దించిన నాటి కథంతా చెప్పి, "మా అక్కకు మొదటి మాట అందిస్తే చాలు సార్, మిగతాది ఏరులా వస్తుంది. కానీ మీకు తెలిసిందని తెలిస్తే అభిమానపడి మానేస్తుంది. దయచేసి చెప్పకండి," అని బతిమాలింది. దర్శకుడు అంతా విని వేషం మార్చలేదు, సోఫా జరిపించాడు. సందులో పట్టే సన్నటి మనిషి మేకప్ అమ్మాయి ఒక్కతే. కోరమీసం తనంతట తానే రాణిగారి మాటలన్నీ కంఠస్థం చేశాడు. "గుసగుస వినబడకపోతే ఇంకో దారుండాలి కదండీ," అన్నాడు సిగ్గుపడుతూ.

"మీ టీ కూడా వద్దన్నాను," అంది రాణిగారు.

"దానిదేముంది. నాకు రెండు కప్పులు దక్కాయి."

రాణిగారు మేకప్ అమ్మాయిని చెయ్యి పట్టుకు లోపలికి తీసుకెళ్లి, అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మాయి వద్దు వద్దంటున్నా వినలేదు. దువ్వెన తీసుకుని, ఆ జుట్టులోంచి దుమ్మూ, రంపపు పొట్టూ, ఒక సాలెగూడు ముక్కా మెల్లగా తీసింది. చిక్కులు నొప్పి పుట్టకుండా కింది నుంచి పైకి విప్పుకుంటూ వచ్చింది. 

"నిన్ను అన్న మాటలు..." అని మొదలుపెట్టింది రాణిగారు.

"అప్పుడే చెప్పేద్దామనుకున్నానమ్మా. నాలుక చివరిదాకా వచ్చింది. మీ చెల్లెలుగారికి మాటిచ్చాను."

"కెమెరా భయమన్నావే, నిజమేనా?"

"నిజమే. అందుకే సోఫా వెనకైతే సరేనన్నాను."

రాణిగారు జడ అల్లడం పూర్తిచేసి, ఆ తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. తనకు కూతుళ్లు లేరు. ఆ రోజు ఆ లోటు తెలియలేదు.

బయట కోరమీసం గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, ఇంటిదాకా దిగబెడతానని. వాన నిజంగానే పడుతోంది. బస్సులో ఒకావిడ వాళ్లిద్దర్నీ గుర్తుపట్టి, రాణిగారి చెవిలో, "ఇతనితో జాగ్రత్తండీ," అంది. తర్వాత తనే గుర్తు తెచ్చుకుని, "అయ్యో, ఆయన మంచివాడే కదూ," అని నాలుక కరుచుకుంది.

"చాలా మంచివాడు," అంది రాణిగారు. 

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం పాలిపోయి. అక్క మొహం చూడగానే అర్థమైంది, అంతా తెలిసిపోయిందని.

"కోపమా అక్కా?"

"దుకాణంలో తల ఎత్తితే ఒట్టన్నావు కదే!"

"తల ఎత్తలేదు. తల దించుకునే స్టూడియోకి వెళ్లాను," అంది చెల్లెలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. లోపలినుంచి మరిది, "అన్నం చల్లారిపోతోంది, ఏడుపులు తిన్నాక పెట్టుకోండి," అని కేకేశాడు.

కంచం ముందు కూర్చున్నాక రాణిగారు అడగకుండా ఉండలేకపోయింది.

"ఎలా చేశాను?"

చెల్లెలు గిన్నెలోకి చూసింది. "నాకేం తెలుసు? నువ్వు కనబడ్డ క్షణంనుంచీ కళ్లు మూసుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఇదిగో, ఈయన నా భుజం తట్టి అయిపోయిందన్నాకే తెరిచాను."

"నేను చూశాను వదినా," అన్నాడు మరిది. "ఆ ఫోను దగ్గర నువ్వు మాట్లాడకుండా ఊరుకున్నావు చూడు, నా గుండె ఆగిపోయింది. ఏం నటన!"

రాణిగారు మరిదిని చూసింది. నిజం చెబుదామా అనుకుని, రేపు చెబుదాంలే అనుకుంది.

"ఇంతకీ వచ్చినవాడు హంతకుడా, కాదా?" అంది చెల్లెలు.

"చెబితే ఏం బాగుంటుంది? చేసి చూపిస్తాను."

ముద్ద వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచింది. మంచాన్ని సోఫా అనుకోమంది. మరిదిని తలుపు బయటికి పంపి తట్టమంది. చెల్లెలు ఈసారి కళ్లు మూసుకోలేదు. గోడకు ఆనుకుని, మోకాళ్లు చుట్టేసుకుని, నోరు తెరుచుకుని చూసింది. ఆఖరికి మరిది బల్ల మీద తల వాల్చగానే, "అయ్యో పాపం, ఎవరైనా లేపండి ఆయన్ని!" అని గట్టిగా అరిచింది.